కాటుక అంచు

గడియారాలాయన తన జన్మలో ఒక్క స్క్రూ పారేసిన పాపాన పోలేదు. మేడమెట్ల కింద గూడులాంటి దుకాణం ఆయనది. నిటారుగా కూర్చుంటే తల పైమెట్టుకి తగులుతుంది, కాళ్ళు చాపితే వీధిలోకి వస్తాయి. ఆ కాస్త చోటులోనే బల్లకి రెండు వైపులా సొరుగులు, సొరుగుల్లో డబ్బాలు, డబ్బాల్లో విరిగిన ముళ్ళు, అరిగిన పళ్ళ చక్రాలు, బీటలు వారిన అద్దాలు, బాగుచేయమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని వాళ్ళ వాచీలు. ఇదంతా ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, పనికిరానిదంటూ ఏదీ ఉండదు, దాని అవసరం ఇంకా పడలేదంతే అనేవాడు. ఆయన భార్య అయితే, నన్ను కూడా ఏదో ఒక సొరుగులో వేసి మరిచిపోయే ఉంటారు, తీరిక ఉన్నప్పుడు వెతికి చూసుకోండి అని దెప్పేది.

అలాంటి మనిషికి, పారేయడమే ఉద్యోగమైన కూతురు పుట్టింది. రంగుల ప్రెస్సులో అచ్చు సరిచూసే పని ఆమెది. మిషను లోంచి వచ్చిన కాగితాన్ని దీపం కింద పరిచి, ఎరుపు వెంట్రుకవాసి పక్కకి జరిగినా, నలుపు ఒక మూల పలచబడినా తీసి పక్కన పడేయడమే. మామూలు కళ్ళకి మంచి కాగితానికీ చెడ్డ కాగితానికీ తేడా చస్తే తెలియదు. ఆమెకి తెలిసేది. ముప్ఫై దాటుతున్నా పెళ్ళి మాటెత్తితే నవ్వేసి, వచ్చినవాణ్ణి ముందు దీపం కింద పరిచి చూడాలి కదమ్మా అనేది. తల్లి ఇంకేం మాట్లాడుతుంది, నోరు మూసుకుని వంటింట్లోకి పోయేది.

చేపల పిచ్చి కూడా ప్రెస్సులోనే అంటుకుంది. తోటి ఉద్యోగి ఒకామె పెద్ద సీసాలో నాలుగు గప్పీ చేపలు పెట్టి ఇచ్చింది. చిటికెన వేలు అంత కూడా ఉండవు. మగవాటికి విసనకర్రలాంటి తోక, దాని నిండా రంగులు. ఆడవి పొట్ట వేసుకుని నీరసంగా తిరుగుతుంటాయి. ఇవి గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి, అదీ ఇంచుమించు నెలకొకసారి. కనీ కనగానే ఆ తల్లే వాటిని తినేయడానికి చూస్తుంది. ఇలాంటి తల్లిని నేనెక్కడా చూడలేదు అని ఇల్లాలు ముక్కున వేలేసుకుంది. ఏడాది తిరక్కుండా వెనక గదిలో బట్టల బీరువా బయటికి పోయి ఇనప రాక్ లోపలికొచ్చింది. దాని మీద వరసగా గాజు ట్యాంకులు. గాలి పంపు ఇరవై నాలుగ్గంటలూ గుయ్యిమంటూ ఉండేది. వంటింట్లో గిన్నెలు ఒక్కొక్కటే కనిపించకుండా పోయి, వెనక గదిలో నీళ్ళతో ప్రత్యక్షమయ్యేవి.

చేపపిల్లలకి తిండి కోసం ఆమె ఒక ప్లాస్టిక్ సీసాలో ఉప్పునీళ్ళు పోసి, ఇసకలాంటి గుడ్లు వేసి పొదిగించేది. కంటికి ఆనీ ఆనని పురుగులు నారింజరంగులో లేచేవి. వెచ్చగా ఉంటుందని ఆ సీసా ఫ్రిజ్ మీద పెట్టేది. ఎండన పడి వచ్చిన మేనత్త అదేదో పళ్ళరసం అనుకుని గడగడా సగం తాగేసి, ఇంత ఉప్పు ఎవరైనా వేస్తారా వదినా అని మొహం చిట్లించింది. పురుగుల సంగతి ఆవిడకి ఈనాటి వరకూ ఎవరూ చెప్పలేదు.

అసలు కథ ఒక మగ చేపపిల్లతో మొదలైంది. లేత పసుపు తోక దానిది, అందులో వింతేమీ లేదు. తోక అడుగున మాత్రం సన్నటి నల్ల దారం ఒకటి ఉంది. ఆమె ప్రెస్సు కన్ను దాని మీద పడింది. దాన్ని విడిగా పెట్టి, దాని పిల్లల్లో ఆ దారం ఇంకాస్త సాగినవాటిని ఏరి, మళ్ళీ వాటి పిల్లల్లో ఏరి, అలా ఏళ్ళ తరబడి ఒకటే ధ్యాస. చివరికి ఆ నలుపు తోక చుట్టూ ఎక్కడా తెగకుండా తిరిగింది. కంటికి కాటుక దిద్దినట్టు ఉందే అంది తల్లి చూసి. ఆ మాటే పేరైపోయింది. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని చేప అది, ఆ గదిలోనే పుట్టిన చేప. ఆ మాట ఎవరితోనూ అనకుండానే ఆమె లోలోపల పొంగిపోయేది.

ఏరడం సెలవు రోజున జరిగేది. దీపం దగ్గరగా పెట్టుకుని, చిన్న వలతో ఒక్కొక్క పిల్లనీ తీసి గ్లాసులో వేసి తిప్పి తిప్పి చూసేది. అంచు తెగిందా, బయటికి. రంగు మాసిందా, బయటికి. మిగిలినవాటిలో మగవి ఒక ట్యాంకులోకి, ఆడవి ఇంకో ట్యాంకులోకి. ఎవరికి ఎవర్ని జత చేయాలో ఆమె ఇష్టం. బయటికి పోయినవాటిని ఆమె చంపేది కాదు. పెరట్లో సిమెంటు తొట్టి ఒకటుంది, అందులో వేసేసేది. అవి బతికినన్నాళ్ళు అక్కడే తిని అక్కడే తిరిగేవి.

గడియారాలాయనకి ఈ ఏరుడు చూస్తే ఒళ్ళు మండేది. అదిగో చేపల కోర్టు మొదలైంది, ఇవాళ ఎంతమందికి దేశబహిష్కారం అని గుమ్మంలో నిలబడి ఎగతాళి చేసేవాడు. పాపం దానికేం తక్కువైంది, కన్ను పోయిందా కాలు పోయిందా అని ఒక్కొక్క దాని తరఫునా వాదించేవాడు. సాయంత్రం దుకాణం కట్టేసి రాగానే ముందు తొట్టి దగ్గరికే వెళ్ళి మేత చల్లేవాడు. మీ కూతురు వద్దన్న చేపలన్నిటికీ మీరు దిక్కా అని భార్య నవ్వేది. కూతురు మాత్రం నవ్వకుండా చెప్పేది, నాన్న ఏ చేపనీ వద్దనలేడమ్మా, అందుకే నాన్నని నా ట్యాంకుల మీద చెయ్యి వేయనివ్వను అని.

చేపలు పెంచేవాళ్ళ సంఘం ఒకటి ఊళ్ళో ఉంది. ఏటా ఒకసారి ప్రదర్శన పెడతారు. అక్కడ కొత్త రకాన్ని ఒప్పుకోవాలంటే ఒక్క అందమైన చేప చూపిస్తే చాలదు. ఒకేలాంటివి కొన్ని జతలు, వాటికి పుట్టిన పిల్లలూ అచ్చం అలాంటివే అయి ఉండాలి. అప్పుడే దానికి పేరు, ఆ పేరు కింద పెంచిన మనిషి పేరు. అంతవరకూ వచ్చేదాకా ఎవరికీ ఒక్క జత కూడా ఇవ్వనని ఆమె పట్టుబట్టింది. ఆ సంఘంలో ఆమెకి ప్రాణస్నేహితురాలు మోలీల పిన్ని. లాండ్రీ నడుపుతుంది, ఇంట్లో మోలీ చేపలు పెంచుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. మొదటి జత నీకే పిన్నీ అని మాటిచ్చింది. ఇంకొక్క రెండు తరాలు నిలబడితే చాలు.

అప్పుడు కూతురి రక్తంలో జబ్బు బయటపడింది. ఎన్ని చోట్ల తిరిగినా అందరూ ఒకే మాట మెల్లగా చెప్పారు. ఆస్పత్రి మంచం మీంచే ఆమె ట్యాంకులు నడిపింది. గడియారాలాయన పొద్దున్నే ఫోను ట్యాంకుకి ఎదురుగా పట్టుకుంటే, ఆ మూల తిరుగుతున్నది తీసెయ్ నాన్నా, కాదు దాని పక్కది, అని చెప్పేది. ఆయన గొణుక్కుంటూ తీసి తొట్టిలో వేసేవాడు. కుళాయి నీళ్ళు ఒక రోజు నిలవ ఉంచి పోయడం, మురికి పట్టే స్పాంజిని తీసి పిండడం, సీసాలో పురుగులు పొదిగించడం, అన్నీ నేర్చుకున్నాడు. వాచీల చేతులు కదా, చిన్న పనులు ఇట్టే పట్టుబడ్డాయి. ఏరడం ఒక్కటి నేర్చుకోలేదు. చెప్పినదాన్ని తీశాడే తప్ప, తానుగా ఒక్క చేపని చూపించి ఇది వద్దు అనలేదు.

అది ఆమె కనిపెట్టింది. మాట్లాడ్డానికే ఓపిక లేని ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"వాటిని ముద్దు చేయకు నాన్నా. ఏరు."

"ఏరతానమ్మా" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం లేదు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు తల్లిని పట్టుకోలేకపోయారు. తండ్రి మాత్రం కన్నీటి చుక్క రాల్చలేదు. మధ్యలో లేచి వెనక గదిలోకి వెళ్ళి, పిల్లలకి మేత వేళయింది అన్నాడు. పిచ్చెత్తిందేమో అని కొందరు గుసగుసలాడారు. పిచ్చీ లేదు ఏమీ లేదు. ఆ పని ఒక్కటి చేతిలో ఉన్నంతసేపూ కూతురు ఎక్కడికో వెళ్ళినట్టుందే తప్ప పోయినట్టు లేదు, అంతే.

ఆ వారంలోనే కుండపోతగా వాన పట్టింది. మధ్యాహ్నానికి పెరట్లో మోకాటి లోతు నీళ్ళు. తొట్టి నిండి పొర్లడం మొదలుపెట్టింది. గడియారాలాయన కిటికీలోంచి చూశాడు. తొట్టిలో చేపలు అంచు దాటి కాలవలోకి కొట్టుకుపోతున్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా బకెట్టు పట్టుకుని పరిగెత్తాడు. అరవైల్లో ఉన్న మనిషి, బురదలో రెండు సార్లు పడ్డాడు. వలతో, గిన్నెతో, ఆఖరికి ఒట్టి దోసిళ్ళతో పట్టాడు. నీళ్ళలో చేతులు పెట్టి వెతుకుతూ, ఆగండమ్మా ఆగండి, నేనున్నాను, అని వాటితో మాట్లాడుతున్నాడు. భార్య గొడుగు పట్టుకుని వెనకే నిలబడి లోపలికి రండి అని ఎంత బతిమాలినా వినలేదు. ఒక్కదాన్ని కూడా వదలకుండా పట్టానని నమ్మకం కలిగాకే లోపలికొచ్చాడు.

బకెట్టు కిక్కిరిసిపోయింది. కాసేపు ఉంటే గాలాడక చచ్చేలా ఉన్నాయి. ఇంట్లో ఖాళీ ట్యాంకు లేదు. అన్నిటికంటే పెద్దది కాటుక మగవాటిది. బకెట్టు తీసుకెళ్ళి అందులో ఒంపేశాడు. అక్కడా ఇరుకైపోతుంటే కొన్నిటిని తీసి ఆడవాటి ట్యాంకులో వేశాడు. అన్నీ సర్దుకుని ఈదడం మొదలుపెట్టాక, ఒంటి మీంచి బురద కారుతూ ఉండగా నేల మీద కూలబడి వాటిని చూశాడు. లోపలివీ బయటివీ అన్నీ ఒక్కచోట చేరాయి. అన్నీ దాని చేపలే కదా అన్నాడు. కూతురు పోయాక ఆయన మొహంలో కాస్త వెలుగు కనిపించింది ఆ రోజే, అందుకే భార్య ఏమీ అనలేదు. వాన వెలిశాక ఒకసారి మాత్రం అడిగింది, మళ్ళీ తొట్టిలో వేసేస్తారా అని. దాని చేతి చేపల్ని నా చేతులతో బయటికి గెంటమంటావా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ తర్వాత ఏడాది పైన ఆయన బతుకంతా వెనక గదే. తెల్లవారుతూనే లేచేవాడు. నీళ్ళు మార్చి, మేత వేసి, అద్దాలు తుడిచి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్ళేవాడు. పిల్లలు పుట్టిన రోజున ఇంటికొచ్చిన పాలవాడికి కూడా చెప్పేవాడు. ఆడవీ మగవీ కలిసే తిరిగేవి. విడిగా పెడితే పాపం వాటికి తోచదు అనేవాడు. తినేసే తల్లుల నుంచి పిల్లల్ని కాపాడటానికి వలతొట్లు కట్టాడు, ఒక్క పిల్ల పోతే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ట్యాంకులు కిటకిటలాడితే ఇంకో రాక్ కొన్నాడు. వాచీ వెనక మూతల మీద పేర్లు చెక్కే పనిముట్లతో ఒక ఇత్తడి రేకు మీద కాటుక అని చెక్కి, దాని కింద కూతురి పేరు చెక్కాడు. ప్రదర్శనలో ట్యాంకు ముందు పెట్టాలని. ఆ గదిలో ఇక ఆయన కోరుకునేది అదొక్కటే. నలుగురూ వచ్చి చూసే చోట, సజీవంగా ఈదే ఒక దాని కింద తన కూతురి పేరు ఉండాలి.

మోలీల పిన్ని అప్పుడు ఊళ్ళో లేదు. మంచాన పడిన అత్తగారి దగ్గర ఉండిపోయింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి చేపలెలా ఉన్నాయి అన్నయ్యగారూ అంటే, దిట్టంగా ఉన్నాయి చెల్లెమ్మా, ఇల్లు పట్టడం లేదు అని చెప్పేవాడు. ఎవరో ఇద్దరు ముగ్గురు వచ్చి ఒక్క జత ఇవ్వమని అడిగినా ఇవ్వలేదు. నా కూతుర్ని చేతిలో పెట్టమన్నట్టు అడుగుతారేంటి అని కోప్పడి పంపేశాడు.

ఇంట్లో ఆడమనిషికి మాత్రం అనుమానం వచ్చింది. ఒకరోజు అద్దం తుడుస్తూ, ఏమండీ, ఈ పిల్లలకి అంచు ఏదీ అంది. పసివి కదా, పెద్దయ్యాక వస్తుంది అన్నాడు. ఇవి పెద్దవేనండీ అంది. నీకు వీటి గురించి ఏం తెలుసు, నీ వంటేదో నువ్వు చూసుకో అని కసురుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఆవిణ్ణి అలా కసిరింది లేదు. ఆవిడ గుడ్డ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ఆయనకీ ఎక్కడో తెలుసు. జుట్టంత స్ప్రింగులో వంకర పట్టేసే కన్ను అది, తోకలో నలుపు కనిపెట్టలేదంటే ఎవరు నమ్ముతారు. కానీ ఆ కన్నుకి పెట్టుకునే భూతద్దం ఆయన దుకాణంలోనే వదిలేసి వచ్చేవాడు. ఇంటికొచ్చాక చూసేది తండ్రి కన్ను.

ప్రదర్శన దగ్గర పడ్డాక మోలీల పిన్ని తిరిగొచ్చింది. వచ్చిన మర్నాడే చేపల్ని ఎంచడానికి చేతిలో ప్లాస్టిక్ సంచులు పట్టుకుని ఇంటికొచ్చింది. గడియారాలాయన ఆ రోజు దుకాణం తెరవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలోనే ఎదురుచూశాడు. చెల్లెమ్మా రా, చూద్దువుగాని అని వెనక గదిలోకి తీసుకెళ్ళి దీపాలన్నీ వేశాడు. ఒక్కొక్క ట్యాంకులో వందలకొద్దీ చేపలు అద్దం దగ్గరికి ముసురుకున్నాయి. ఆయన రెప్ప వేయకుండా ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ మొదటి ట్యాంకు ముందు వంగింది. తర్వాత రెండోది. ఆ తర్వాత కింద వరస. మొహంలో ఉన్న నవ్వు అలాగే ఉంది గానీ దానికి ఇప్పుడు పనేమీ లేదు. అమ్మాయి పెట్టిన పాత మగవి ఏ ట్యాంకులో ఉన్నాయి అని అడిగింది. అవి పోయాయమ్మా, వాటి వయసు అయిపోయింది, ఇవన్నీ వాటి పిల్లలూ మనవలూ అన్నాడు. మరి ఆడవాటిని విడిగా పెట్టలేదా అని అడిగింది. అప్పుడు ఆయన వాన సంగతి చెప్పాడు. మోకాటి లోతు నీళ్ళు, బకెట్టు, ఒక్కటి కూడా వదలకుండా తెచ్చి లోపల వేయడం, అంతా చెప్పాడు. గర్వంగానే చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఏమైంది చెల్లెమ్మా అన్నాడు. అబద్ధం చెప్పి నాలుగు చేపలు సంచిలో వేసుకుని పోదామని ఒక్క క్షణం ఆవిడ అనుకుంది కూడా. కానీ ప్రదర్శనలో అందరి ముందూ అమ్మాయి పేరు కింద వీటిని ఎలా పెడుతుంది.

"అన్నయ్యగారూ, ఇవి మంచి చేపలే. అమ్మాయి చేపలు మాత్రం కావు."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం చేసుకోదలచలేదు అనాలేమో. ఆవిడే నిదానంగా చెప్పింది. అంత పెద్ద తోక మోసేది మెల్లగా ఈదుతుంది. అంత తోక లేని బక్కది చురుగ్గా వెళ్ళి ముందు జత కడుతుంది. ఒక్కసారి కలిసిందంటే ఆడది దాని బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని ఈత మీద ఈత కంటూనే ఉంటుంది. ఆ వాన రోజు ఒక్కపూట కలిసినా చాలు. అమ్మాయి ఏళ్ళ తరబడి బయటికి పంపిందంతా ఆ పూట లోపలికి వచ్చేసింది. ఆ తర్వాతయినా ఎవరైనా ఏరి ఉంటే కొంతైనా దక్కేది.

"ఎవరికైనా ఒక జత ఇచ్చారా? గుర్తు తెచ్చుకోండి అన్నయ్యగారూ. ఎవరి దగ్గరైనా ఒక్క జత ఉందా?"

"లేదమ్మా. ఒక్కటి కూడా ఇవ్వలేదు" అన్నాడు ఆయన. "దాని చేపలు కదా. ఎలా ఇస్తాను?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ సంచుల్ని మడిచి చేతిసంచిలో దాచుకుంటుంటే, ఆయన చూడకూడదని అటు తిరిగింది. వంటింటి గుమ్మంలో ఇల్లాలు ఎదురైతే ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది.

గడియారాలాయన దుకాణానికి వెళ్ళాడు. తలుపు సగమే తీసి, బల్ల మీదున్న భూతద్దం తీసుకుని తిరిగొచ్చాడు. కూతురి దీపం దగ్గరికి లాక్కుని, ఆమె కూర్చునే చోట కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ఏరతానని మాటిచ్చాడు కదా. ఇన్నాళ్ళకి వల చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి చేపని గ్లాసులో వేసి చూశాడు. తోకలో నలుపు లేదు. దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి చూసి గానీ బకెట్టులో వేయలేదు. రెండోదానికి రెండు నల్లచుక్కలున్నాయి, అంతే. మూడోది బూడిదరంగు. పోనుపోనూ ఒక్కసారి చూస్తే చాలింది. వాచీ విప్పేటప్పటి ఆ నిదానం వేళ్ళలోకి వచ్చేసింది. ఇప్పుడు ఆయనకి అన్నీ కనపడుతున్నాయి. కూతురికి ఏం కనపడేదో, ఎందుకు అంత కఠినంగా ఉండేదో, ఒక్క తెగిన అంచుని వదిలేస్తే అది ఎక్కడిదాకా పోతుందో. ఈ కన్ను ఆయనకి ముందు నుంచీ ఉంది. వాడి ఉంటే సరిపోయేది. ఆ మాట మనసులోకి వచ్చినప్పుడు మాత్రం కాసేపు ఆగాల్సి వచ్చింది.

బకెట్టు నిండినప్పుడల్లా పెరట్లోకి వెళ్ళి తొట్టిలో పోసి వచ్చాడు. ఒక్కొక్క ట్యాంకే ఖాళీ అయింది. ఆఖరి దాంట్లో, అడుగున మొక్కల వెనక నక్కిన ఒక కుర్ర మగచేప దొరికింది. గ్లాసులో వేయగానే ఆయన ముందుకి వంగాడు. లేత పసుపు తోక. చుట్టూ నలుపు. కుడివైపు నుంచి చూశాడు, ఉంది. ఎడమవైపు తిప్పాడు, ఉంది. వెంటనే భార్యని పిలవబోయాడు. పిలిచేముందు ఇంకొక్కసారి దీపం కిందకి జరిపి చూశాడు. కింది అంచులో, మామూలు కళ్ళకి ఎవరికీ ఆననంత చోట, నలుపు తెగిపోయి ఉంది.

చాలాసేపు ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అది లోపల తిరుగుతూ ఆయన వేలి వైపుకి వచ్చి మూతి ఆనించింది. ఉంచుకోవచ్చు. అడిగేవాళ్ళెవరూ లేరు. ఒక్కటి ఉంచుకుంటే తప్పేంటి అని ఆయన గట్టిగానే అనుకున్నాడు. కానీ ఆమె అయితే ఉంచుకునేది కాదు. ఆ సంగతి ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. లేచి, దాన్ని కూడా తీసుకెళ్ళి తొట్టిలో వదిలాడు.

తిరిగొచ్చి చూస్తే ట్యాంకుల నిండా ఒట్టి నీళ్ళే. పంపు ఊదుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, ఒక్క ట్యాంకులోనూ కదిలేది ఏదీ లేదు. కూతురు చెప్పిన పని ఆయన పూర్తిగా చేశాడు. భూతద్దం కంటి నుంచి తీశాడు. దాని కింద కన్ను తడిగా ఉంది. రెండో కన్ను కూడా తడిగానే ఉంది.

భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఖాళీ ట్యాంకులన్నిటినీ వరసగా చూసింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేకపోవడం ఆయన గమనించాడు.

"నీకు ముందే తెలుసు" అన్నాడు.

"తెలుసండీ. ఎప్పుడో తెలుసు."

"మరి ఆ రోజు కసిరానని ఊరుకున్నావా? గట్టిగా చెప్పొచ్చు కదా."

"చెబితే పొద్దున్నే మీరు దేనికోసం లేస్తారు?" అంది ఆవిడ.

ఆయన రాక్ పట్టుకున్నాడు. నేల మీదికి జారిపోయి, కూతురి పేరు పెట్టి పిలుస్తూ, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనే చేశాను, నా చేతులతో నేనే తెచ్చి కలిపాను, అని ఆ చేతుల్ని తొడల మీద కొట్టుకున్నాడు. పంపు చప్పుడు ఆ ఏడుపుని కప్పలేకపోయింది. ఆవిడ వచ్చి ఆ రెండు చేతుల్నీ పట్టుకుని ఆపింది. ఊరుకోమని మాత్రం అనలేదు.

"ఏడవండి" అంది. "నాకు అది ఆ రోజే పోయింది. మీకు ఇవాళ పోయింది."

అని, ఆ తడి నేల మీదే ఆయన పక్కన కూర్చుంది.